పడి లేచే పిల్ల

ఆ రోజు హోసూరు మైదానంలో రగ్బీ జట్టు ఎంపిక ముగిసింది. చదివిన పేర్లలో మా అమ్మాయి పేరు లేదు. ఒళ్లు పెంచితే చోటు ఖాయమని కోచ్ చెప్పిన మాట నమ్మి, ఏడాదిగా దానికి రాగిముద్ద, గుడ్లు దగ్గరుండి తినిపించాను. తిరుగు బస్సులో అది కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

నా పక్కన కూర్చున్నామె పేరు నేను అడగలేదు. వేప్పనపల్లి వైపు మనిషి. కూతుర్ని జట్టుతో పంపించి వస్తోందట. జామపండు విరిచి సగం నా చేతిలో పెట్టింది.

"మొదట్లోనే కోచ్ మా ఇంటికొచ్చి, చోటు నీ బిడ్డదేనమ్మా అనేసినాడు," అంది సంతోషంగా. "మా దానికి ఒళ్లుంది గానీ, ఎదురొచ్చేవాళ్లను పట్టి పడేసేది తెలీదు. అది నేర్పేదానికి ఒక సన్న పిల్లను రోజూ ఎదురుగా నిలబెట్టినాడంట. దాన్నే పడేసి పడేసి మా బిడ్డ నేర్చుకునింది. ఎన్నితూర్లు పడినా ఏడవకుండా లేస్తాదంట ఆ పిల్ల. ఎవురు కన్న బిడ్డో, పాపం."

జామముక్క నా చేతిలోనే ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఆ మోచేతులకు నూనె రాసింది నేనే. దెబ్బలేమిటని అడిగితే, "ఆటన్నాక తగుల్తాయిలేమ్మా" అని నవ్వినవాడు ఆ కోచే.

"మీ పాప గూడా ఆడతాదా?" అని ఆమె అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి కళ్లు తెరిచింది. చొక్కా చేతులు మోచేతుల కిందికి లాక్కుంది.

"లేదత్తా. ఊరికే చూసేదానికి పోయినాము," అంది.