బారిడీహ్‌లో ఆస్ట్రోటర్ఫ్

ఆ రోజుల్లో దేశపు హాకీ జట్టుకి అధికారికంగా కోచ్ ఒక్కడే. మా ఉక్కు కార్ఖానా ఊళ్లో, అగ్రికో మార్కెట్లో టీకొట్టు బల్లల మీద మాత్రం ఏ పూట చూసినా ఐదారుగురు ఉండేవారు. రెండు గంటల సైరన్‌కి అటూ ఇటూ, షిఫ్టు దిగినవాళ్లూ ఎక్కబోయేవాళ్లూ అక్కడే కలిసేవారు. వాళ్లు ఇనుము గురించి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు (ఎనిమిది గంటలు దానితోనే గడిపినవాళ్లకి మళ్లీ దాని ఊసెందుకు). అంతా హాకీయే. అప్పటికి ప్రపంచం ఆస్ట్రోటర్ఫ్ అనే పచ్చటి ప్లాస్టిక్ తివాచీ పరిచి, దాన్ని నీళ్లతో తడిపి ఆడడం మొదలుపెట్టింది. మనవాళ్లేమో మట్టి మీదా గడ్డి మీదా పెరిగినవాళ్లు. కొత్తగా వచ్చిన కోచ్, బంతిని కర్రకి అంటించుకుని తిప్పడం మానండి, దూరంగా కొట్టండి, పరిగెత్తండి అన్నాడని పేపర్లో వచ్చింది. పాకిస్తాన్‌తో టెస్టు దగ్గరపడుతోంది. దాంతో మా టీకొట్టు రెండుగా చీలింది.

కోచ్ పక్షానికి పెద్ద మా బాబాయి. శ్రీకాకుళం నుంచి నన్ను తీసుకొచ్చి కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేర్పించినవాడు, నేనున్నది ఆయన క్వార్టర్లోనే. ఎదుటి పక్షానికి పెద్ద పేడ్ల మావయ్య. బారిడీహ్‌లో ఉండేవారు, క్రేన్ నడిపేవారు. ఒకప్పుడు డిపార్ట్‌మెంటు జట్టుకి గోలీ, అంటే గోల్‌కీపరు. ఆట మానేసి చాలాకాలమైనా కాళ్లకి కట్టుకునే ఆ తెల్ల పేడ్లు ఏటా ఎండబెట్టి, సుద్ద రాసి దాచుకునేవారు కాబట్టి ఆ పేరు. నాకు ఆయన చుట్టమేమీ కాదు, ఊరి వరసన మావయ్య. అయితే ఆ వరస నిజం చేసే ప్రయత్నం అప్పటికే మొదలైంది. ఆయన రెండో కూతుర్ని చూడడానికి బాబాయీ పిన్నీ నన్ను బారిడీహ్ తీసుకెళ్లారు. ఆ అమ్మాయి పకోడీలు పెట్టి, మా పిన్ని తెలుగులో అడిగిన ప్రతి ప్రశ్నకీ హిందీలో జవాబిచ్చి లోపలికి వెళ్లిపోయింది. నాకు నచ్చింది. "ఆలోసించి మాట సెప్తాం" అన్నారు మావయ్య. ఆ మాట కోసం ఎదురుచూస్తున్న రోజులవి.

"బావా, మన మణికట్టులో ఉన్న ఇద్దె ఆ యూరోపోళ్లకి నేదు," అన్నారు మావయ్య ఒక మధ్యాహ్నం, టీగ్లాసుని కర్రలా తిప్పుతూ. "ఆ ఇద్దెని మానెయ్యమంతన్నాడు ఈ కోచు. ఎడం వింగులో ఆడినోడిని తీసేసినాడు. ఏటి సేసినాడని తీసేసినాడు?"

"ఏటీ సెయ్యనేదనే తీసేసినాడు," అన్నాడు బాబాయి. "నీ డ్రిబ్లింగు పాసింజర్ బండి బావా. గమ్హరియాలో ఆగుద్ది, సీనీలో ఆగుద్ది, సిగ్నల్ పడకపోతే సేలో కూడా ఆగుద్ది. ఈలోపు ఆళ్లొచ్చి బంతి అట్టుకుపోతన్నారు. కోచు అడిగేది ఎక్స్‌ప్రెస్సు."

"పాసింజర్లోనే జనం ఎక్కుతారు. నీ ఎక్స్‌ప్రెస్సు ఖాళీగా ఎల్లిపోద్ది."

"దోనో గాడీ లేట్ హై భయ్యా, చాయ్ ఠండీ హో రహీ హై," అన్నాడు టీకొట్టువాడు. రెండు బళ్లూ లేటే గానీ ముందు టీ చల్లారిపోతోందని అతని బాధ.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బాబాయి నావైపు తిరిగి, "ఏరా లెక్కల పిల్లడా, నీ లెక్కేటి?" అన్నాడు. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్క మాత్రం ఎవరూ నేర్పకపోయినా పట్టుబడింది. గోడ కనిపిస్తే ఇటుకలెన్నో, కుళాయి కనిపిస్తే బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూసుకోకపోతే తోచేది కాదు. పేపర్లో వచ్చిన హాకీ వార్తలన్నీ అలాగే చదివి ఉన్నాను. అడిగారు కదా అని చెప్పాను. మనకి దొరికే పెనాల్టీ కార్నర్లు ఎక్కువ, అందులో గోలయ్యేవి తక్కువ, వాళ్లకి తిరగేసి ఉంది కాబట్టి ఈ ఫామ్‌తో మనం ఓడిపోతామన్నాను. బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలు అనుకుని (ఇరవై రెండేళ్ల వయసులో ఏ నిశ్శబ్దమైనా అలాగే వినిపిస్తుంది) ఇంకొంచెం చెప్పాను. గోలీలు అలవాటు మనుషులనీ, ఎటు పడతారో ముందే లెక్క కట్టొచ్చనీ, ఉదాహరణకి పాత డిపార్ట్‌మెంటు మ్యాచుల గురించి ఇదే బల్ల మీద నేను విన్నంతవరకూ మన మావయ్యగారే పదిసార్లకి ఎనిమిదిసార్లు కుడికే పడేవారనీ అన్నాను.

మావయ్య గ్లాసు కింద పెట్టి సైకిలెక్కి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత ఆయనన్న మాట పిన్ని మోసుకొచ్చింది. "పిల్లడు బుద్దిమంతుడే. కానీ సొంత దేశం ఓడిపోద్దని లెక్క కట్టినోడు రేపు నా కూతురు కాపురం ఎన్నాళ్లుంటదో కూడా లెక్క కడతాడు" అన్నారట. "ఇంకో సమ్మందం కూడా సూత్తన్నారంట. ఎల్లి మంచి మాటలాడి రారా," అంది పిన్ని. వెళ్లి ఏం మంచి మాటలాడాలో ఆలోచిస్తుండగానే సంగతి ఇంకో మలుపు తిరిగింది. వాదన నోటితో తేలడం లేదు కాబట్టి టెస్టు రోజున, రేడియోలో వ్యాఖ్యానం మొదలవకముందే, బారిడీహ్ మైదానంలో రెండు పక్షాలూ ఆడి తేల్చుకోవాలని పెద్దలు ఒప్పందం చేసుకున్నారు. ఒక జట్టు కోచ్ చెప్పినట్టు, ఇంకో జట్టు మణికట్టుతో. ఓడినవాళ్లు టెస్టు అయ్యేదాకా కోచ్ గురించి నోరెత్తకూడదు. సగటున అందరికీ నలభై ఐదేళ్లుంటాయి. బాబాయి జట్టులో కాళ్లున్న కుర్రాడు కావాలి కాబట్టి నన్ను చేర్చుకున్నాడు. నేను కుదరదంటే ఆ ఇంట్లో అన్నం కుదరదు.

ఒప్పందంలో ఒక చిక్కు మిగిలింది. కోచ్ పద్ధతి తివాచీ కోసం పుట్టింది కదా, ఎర్రమట్టి మీద దాన్ని పరీక్షించడం అన్యాయం అన్నాడు బాబాయి.

"అయితే జంపఖానా పరవమంతావేటి?" అన్నారు మావయ్య.

"తివాచీ నేకపోతే తడైనా ఉండాలి. ఆళ్లు తడుపుతారు కదా, మనమూ తడుపుదాం. ఎన్ని నీళ్లు పడతాయో మావోడు లెక్క కడతాడు."

నేను కట్టాను. మైదానం పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచాను. మట్టి ఎంత లోతు తడవాలో వేలితో చూశాను. పార్కు మాలీని బతిమాలి తెచ్చిన రబ్బరు గొట్టం కింద బకెట్ పెట్టి, అది నిండే వేగం చూశాను. ఉదయం ఇన్ని గంటలు నీళ్లు వదిలితే మధ్యాహ్నానికి నేల సరిగ్గా చెమ్మగా, గట్టిగా, బంతి జారేటట్టు ఉంటుందని తేల్చాను. ఆ గుణకారంలో ఈనాటికీ తప్పు లేదు. నేల చదునుగా ఉంటేనే ఆ గుణకారం పనికొస్తుందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆ మైదానం పడమరకి వాలు. వానాకాలంలో బారిడీహ్ పిల్లలు కాగితం పడవలు వదిలేది ఆ పడమటి గోలు ముందరే.

టాస్ మావయ్య గెలిచారు. చెట్ల నీడ ఉందని పడమటి గోలు తీసుకున్నారు. పేడ్లు కట్టుకుని, ఆట బూట్లు ఎప్పుడో చిరిగిపోయాయి కాబట్టి కార్ఖానా సేఫ్టీ బూట్లు తొడుక్కుని వచ్చారు. ఒక్కొక్కటి చిన్న దిమ్మంత బరువు, ముందు ఇనప టోపీ. గట్టు మీద ఆయన భార్యా కూతురూ నిమ్మరసం బిందెతో కూర్చున్నారు. టైమాఫీసు సర్దార్జీ ఈల ఊదారు. తూర్పు సగంలో నేల పొడిగానే ఉంది, దుమ్ము కూడా లేచింది. పడమటి సగంలోకి అడుగుపెట్టినవాడు పెట్టినట్టే కూర్చుండిపోయాడు. బాబాయి కోచ్ చెప్పినట్టు దూరంగా ఒక్కటి కొట్టాడు. ఎక్స్‌ప్రెస్సు సగం దారి బ్రహ్మాండంగా వెళ్లి, బురదలో దిగబడి ఆగిపోయింది. మణికట్టు పక్షంవాడు డ్రిబ్లింగ్ మొదలెట్టి, బంతిని వెనకే వదిలేసి, కర్ర ఒక్కదాన్నే తిప్పుకుంటూ నాలుగు గజాలు పోయాడు.

"ఇదేనేటిరా ఆస్ట్రోటర్ఫు?" అని అరిచారు మావయ్య గోల్లోంచి. "నాట్లెయ్యడానికి బాగుంది. మొక్కలు అట్టుకురండి!"

అలా ఎవరికీ గోలు లేకుండా ఆట చివరికొచ్చింది. నేను మావయ్య గోలు ముందు బంతితో దొరికిపోయి, జారి, లేవబోతుంటే వాళ్ల జట్టువాడొకడి కర్ర నా కాళ్లకి అడ్డం పడింది. సర్దార్జీ ఈల ఊది పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చారు. బంతి పెట్టి, ఎదురుగా ఒక్క గోలీ, కొట్టేవాడొక్కడు. "నువ్వు కొట్టు బాబాయ్," అన్నాను. "నా సీలమండ బెణికింది. ఆయనెటు పడతాడో లెక్క నీ కాడే ఉంది కదేటి!" అన్నాడు అందరికీ వినిపించేలా.

గోలు కొడితే బాబాయి పక్షం గెలుస్తుంది, బారిడీహ్ సంబంధం పోతుంది. అంతవరకూ తేలిక లెక్కే. కావాలని పక్కకి కొడదామంటే అదీ లేదు. ఏళ్ల తరబడి గోల్లో నిలబడ్డ మనిషికి బంతి దానం ఇస్తే తెలియదా? "జాలిపడి బంతి ఒగ్గేసినోడి మొకం నాను మళ్లీ సూడను" అని ఆయన టీకొట్టులో వందసార్లన్న మాట. కాబట్టి నిజంగానే కొట్టాలి. కొట్టాలంటే ఎటు? ఆయన కుడికి పడతారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు, నేనే నోరుజారి చెప్పాను. అందుకని ఈసారి ఎడమకి పడొచ్చు. లేదా నేనిలా ఆలోచిస్తానని ఊహించి కుడికే పడొచ్చు. ఎటు పడినా నడుమ ఖాళీ అవుతుంది. గట్టు మీంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, ఛోడ్‌నా మత్!" వదలొద్దని అంటోంది. నాకు ధైర్యం చెబుతుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డవాణ్ని, బంతి వైపు తిరిగాను. సరిగ్గా నడిమికి, ఉన్న బలమంతా పెట్టి తోశాను.

మావయ్య ఎడమకి పడబోయారు. నేను స్పష్టంగా చూశాను, భుజాలూ చేతులూ తలా ఎడమకి వెళ్లాయి. కాళ్లు మాత్రం రాలేదు. గాలికి ఊగిన సరుగుడు చెట్టులా ఒకసారి వంగి మళ్లీ నిటారుగా లేచారు. బంతి వచ్చి ఆ తెల్ల పేడ్లకి తగిలి, కింద బురదలో పడి ఉండిపోయింది.

ఆ తర్వాత పుట్టిన గోల సైరన్‌ని కూడా మింగేసేటంతగా ఉంది. "కదల్నేదు! సూసినారా, నాను కదల్నేదు!" అని అరుస్తున్నారు మావయ్య. "ఆడు నడిమికే కొడతాడని నాకు తెల్సు! ఆడి లెక్క ఆడికుంటే నా లెక్క నాకుంది!" ఆయన జట్టువాళ్లు పరిగెత్తుకెళ్లి (పడుతూ లేస్తూ) ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ఎత్తినప్పుడు ఒక చప్పుడైంది. ఆ సందడిలో ఎవరూ గమనించలేదు. మావయ్య మేజోళ్లతో గాల్లో ఊరేగుతున్నారు. సేఫ్టీ బూట్లు రెండూ చీలమండల దాకా దిగబడి, గోలు గీత మీద అలాగే నిలబడి ఉన్నాయి. అప్పుడర్థమైంది నాకు, ఉదయం నేను మైదానమంతటికీ వదిలిన నీళ్లు ఎక్కడికి చేరాయో.

అందరూ రేడియోల దగ్గరికి వెళ్లిపోయాక ఆ బూట్లు పీకి (పీకడానికి నాకు చాలాసేపే పట్టింది), కుళాయి కింద కడిగి, సాయంత్రం మావయ్య ఇంటికి తీసుకెళ్లాను. వరండాలో రేడియో ముందు కూర్చున్నారు. హిందీ వ్యాఖ్యానంలో మనవాళ్ల మీద గోలు మీద గోలు పడుతోంది. నన్నూ, నా చేతిలోవాటినీ చూసి రేడియో గొంతు తగ్గించారు.

"ఏడ దొరికినాయి?"

"గోల్లోనే మావయ్యా. గీత మీద."

బూట్లు అందుకుని కుర్చీ కిందకి తోశారు. "ఎవులికేనా సెప్పినావా?"

"నేదు."

"సెప్పకు." గుమ్మం వైపు ఓసారి చూసి, "మా పిల్లకి అస్సలు సెప్పకు," అన్నారు. నేను తలూపాను. ఆయన లోపలికి తిరిగి, "ఓలే, టీ అట్టుకురా. అల్లుడొచ్చినాడు," అని కేకేశారు. ఆ టెస్టు మనం ఓడిపోయాం. మర్నాడు టీకొట్టులో రెండు పక్షాలూ "మేం సెప్పనేదేటి" అన్నాయి. నేనూ ముందే చెప్పానని ఎవరికీ గుర్తులేదు, గుర్తుచేసే తప్పు నేను చేయలేదు.

ఆ స్ట్రోక్ కథ మావయ్య మా పెళ్లిలో చెప్పారు, ఆ తర్వాత మా పిల్లల అన్నప్రాసనల్లోనూ చెప్పారు. "గోలీకి గొప్ప పడ్డంలో నేదు, నిలబడ్డంలో ఉంది" అనేటప్పుడు మాత్రం నావైపు ఒక్కసారి చూసేవారు. నేను కంచంలోకి చూసుకునేవాణ్ని. ఆయన పోయి నాలుగేళ్లయింది. మా ఆవిడ సంగతి వేరు. ఆవిడకోసం, వాళ్ల నాన్న పరువుకోసం నేను కావాలనే బంతిని ఆయన కాళ్లకి కొట్టానని ఆవిడ ఇన్నేళ్లుగా నమ్ముతోంది. మాటామాటా వచ్చినప్పుడు కూడా చివరికి ఆ ఒక్క సంగతి తలుచుకుని ఊరుకుంటుంది. కాదు, నేను గోలు కోసమే కొట్టానని చెప్పాలంటే బూట్ల సంగతి చెప్పాలి. మావయ్యకి మాటిచ్చాను. ఇప్పుడిదంతా కాగితం మీద పెడుతున్నాను గానీ, మాట తప్పినట్టు కాదు. మా ఆవిడ చదువంతా హిందీ మీడియం. తెలుగు మాట్లాడుతుంది, చదవదు. ఈ లెక్కలో మాత్రం వాలు ఎటుందో ముందే చూసుకున్నాను.