నానమ్మకు నో-మూవ్ క్లాజ్

మా నానమ్మ జ్ఞానప్రసూన దయ్యాల భక్తురాలు. ఈ మాట గుళ్ళో అన్నందుకు పూజారి గారి భార్య నన్ను పక్కకు పిలిచి నుదుటిన విభూతి పెట్టింది. సంగతేమిటంటే, న్యూజెర్సీలో మా పార్సిప్పనీ చుట్టుపక్కల వాళ్ళు చూసే హాకీ జట్టు పేరు జెర్సీ ఘోస్ట్స్. నానమ్మ దాన్ని తెలుగు చేసుకుంది, అంతే. పొద్దున్నే కాఫీ తాగుతూ "ఇవాళ దయ్యాలకు ఎవరితో?" అని అడుగుతుంది. ఇది మంచు మీద ఆడే హాకీ. కర్రలు, నల్లటి రబ్బరు బిళ్ళ, మధ్యమధ్యలో కొట్టుకోవడం. నానమ్మకు మూడోది ముఖ్యం.

ఈ పిచ్చి నావల్లే పట్టిందని మా నాన్న అంటాడు. రెండేళ్ళ వయసులో నేను అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని మింగేదాన్ని కాదట. టీవీలో హాకీ వస్తుంటే మాత్రం నోరు తెరిచి చూసేదాన్నట. ఆ తెరిచిన నోట్లో నానమ్మ ముద్దలు వేసేది. కొన్నాళ్ళకు నాకు హాకీ అక్కర్లేకుండా పోయింది. ఆవిడకు అక్కర పట్టుకుంది. గుడివాడ హైస్కూల్లో హిందీ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ వీధిలో పిల్లలు క్రికెట్ ఆడితే తలుపు తీసి మరీ తిట్టిన మనిషి, ఇక్కడ సోఫా అంచున కూర్చుని రిఫరీని హిందీలో తిడుతుంది. తెలుగులో తిడితే నాకు అర్థమవుతుందని.

ఆట గురించి తనకు అంతా తెలుసనుకుంటుంది. ఒక ఏడాది గోలీని, అంటే గోల్‌కీపర్ని, మార్చేయమని నెలరోజులు పోరింది. నిజంగానే మార్చేశారు. వెళ్ళినచోట వాడికి పేరే పేరు. ఆ సంగతి మా ఇంట్లో ఎత్తకూడదు.

మార్చి మొదట్లో ఈ ఆటలో ఒక గడువుంటుంది. ఆ మధ్యాహ్నంతో జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడం ఆఖరు. దానికి ముందు వారంలో నానమ్మ దగ్గరికి వెళ్ళడం మంచిది కాదు. నేను వెళతాను.

ఆ శనివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఎప్పటిలాగే సభ. సభ్యులు ముగ్గురు. ఒకరు నానమ్మ. రెండు, పక్క బిల్డింగ్ శశికాంత్ అంకుల్, బ్యాంకు సాఫ్ట్‌వేర్ మనిషి, ఇరవై ఏళ్ళుగా దయ్యాలతోపాటు తనూ ఓడిపోతున్నాడు. మూడు, నిశాంత్ అన్న. కరీంనగర్ నుంచి వచ్చి ఎంఎస్ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వెతకనప్పుడు ఆటగాళ్ళ లెక్కలు చూస్తాడు. నా పని టీ ఫ్లాస్క్ మొయ్యడం. కాలేజీ ఏడాది చదివి మానేశాను. మళ్ళీ చేరతానని అందరికీ చెబుతున్నాను కాబట్టి ప్రస్తుతానికి ఖాళీ.

"ఆంటీ గారూ, మీ పెళ్ళికొడుకుని ఈ వారం పంపించేయాలి," అన్నాడు శశికాంత్ అంకుల్.

పెళ్ళికొడుకు అంటే పెల్లోనెన్ అనే ఫిన్లాండ్ ఆటగాడు. గోల్ ముందు కాపలా కాసేవాళ్ళలో అందరికంటే పెద్దవాడు. ముందు పళ్ళు రెండు లేవు. పేరు నోరు తిరగక నానమ్మ పెళ్ళికొడుకని మొదలుపెట్టింది, ఇప్పుడు ముగ్గురూ అలాగే పిలుస్తారు.

"ఏం, వాడు నిన్నేం చేశాడు?"

"ముసలాడైపోయాడండీ. ఈ సీజన్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది. ఇప్పుడిస్తే ఎవరైనా డ్రాఫ్ట్ పిక్ ఇస్తారు. ఆగితే ఊరికే పోతాడు."

"పిక్ అంటే ఏంటి నానమ్మా?" అన్నాను, నాకు తెలిసే.

"కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు. ఇంకా మీసం రాని వాణ్ణి తెచ్చి పెంచుతారు. వాడు ఆడేనాటికి నేనుంటానో లేదో."

"అది టీమ్ ప్రాబ్లం కాదు కదండీ," అన్నాడు అంకుల్.

"నా ప్రాబ్లం."

నిశాంత్ అన్న ఫోన్ ముందుకు జరిపాడు. "ఆంటీ, లెక్కలు చూడుండ్రి. అతను ఐస్ మీద ఉన్నప్పుడే మన మీద ఎక్కువ గోల్స్ పడుతున్నయ్."

"పడవూ మరి? గెలుస్తున్నప్పుడు కూర్చోబెట్టి, కొంప అంటుకున్నాక దింపుతారు. ఫైరింజన్ ఉన్నచోటల్లా మంటలున్నాయి, ఫైరింజనే అంటించిందంటే ఎలా బాబూ?"

మాట బాగుందని నేననుకునేలోపు ఆవిడే చెడగొట్టుకుంది. "పైగా వాడు గోల్ కొట్టిన ఏ ఆటా మనం ఓడిపోలేదు," అంది. పెళ్ళికొడుకు ఆ ఏడాది కొట్టింది ఒకటే గోల్.

అంకుల్ నవ్వాడు. నానమ్మ ఆయన కప్పులో టీ పోయబోయి ఆపేసింది. గొడవ ముదిరేలా ఉందని నిశాంత్ అన్న మధ్యలోకి వచ్చాడు.

"అసలు మనం కొట్లాడుడే వేస్ట్. అతనికి నో-మూవ్ క్లాజ్ ఉంది. ఒప్పుకోకుంటే ఎవ్వరూ ఎటూ పంపలేరు."

"అంటే?"

"కాంట్రాక్ట్‌లనే రాయించుకున్నడు ఆంటీ. పంపాలంటే ముందుగాల అతన్ని అడగాలె."

"అడగాలా?"

"అడగాలె. వద్దంటే ఇక్కడనే ఉంటడు. గంతే."

నానమ్మ ఫ్లాస్క్ మూత బిగించింది. "అడగాలట," అంది తనలో తనే. శశికాంత్ అంకుల్ తన టీ తనే పోసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందున్నాడు.

"అమ్మా, నీ టికెట్ బుక్ చేశాను. వచ్చే ఆదివారం అట్లాంటాకి."

అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా రేణు అత్త ఉంటుంది. ఆవిడకు పాప పుట్టి ఆరు నెలలు కావస్తోంది. పాపను చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారు లీలావతి గారికి వీసా గడువు అయిపోతోంది. ఆవిడ వెళ్ళిపోతుంది. అత్త సెలవూ అయిపోవస్తోంది. కాబట్టి నానమ్మ వెళ్ళాలని నాన్న, అత్త, శాంటా క్లారా బాబాయి ఫోన్లో మాట్లాడుకుని తేల్చేశారు.

"ఎన్నాళ్ళు?" అంది నానమ్మ.

"చూద్దాం. డేకేర్‌లో సీటు దొరికేదాకా. దొరికాక కూడా కొన్నాళ్ళుంటే రేణుకి హెల్ప్."

"నన్నడిగారా?"

"అడగడమేంటమ్మా. నీ మనవరాలు."

"అక్కడ హాకీ ఉందా?"

"టీవీలో వస్తుంది కదా."

"అట్లాంటా వాళ్ళు తమ జట్టునే కెనడాకి అమ్ముకున్నారు. నేనొక లెక్కా వాళ్ళకి?" అంది. చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని, నాన్న ఎదురుగా కూర్చుంది. "రాజూ, నాకు నో-మూవ్ క్లాజ్ ఉంది."

నాన్న నావైపు చూశాడు. నేను సంతోషంగా వివరించాను. అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువ సంతోషంగా.

"అమ్మా, ఇది టీమ్ కాదు. ఇల్లు."

"టీమ్ వాళ్ళే నయం. అడుగుతారు."

నానమ్మకు పాపంటే ఇష్టం లేక కాదు. పాప ఫోటో ఆవిడ ఫోన్ మీద ఉంటుంది, పెళ్ళికొడుకు ఫోటో తీసేసి మరీ పెట్టుకుంది. కానీ ఆవిడ సంగతి నేను చెబుతాను. పెళ్ళిచేసి గుడివాడ వెళ్ళమన్నారు, వెళ్ళింది. తాతయ్య పోయాక ఇల్లు ఖాళీచేసి అమెరికా రమ్మన్నారు, వచ్చింది. బాబాయికి కవలలు పుడితే శాంటా క్లారా పంపారు, ఏడాది అక్కడ ఉంది. నాకు పరీక్షలు పోతున్నాయని వెనక్కి రప్పించారు. వచ్చింది, పరీక్షలు ఎలాగూ పోయాయి. ప్రతిసారీ సూట్‌కేసు దింపాక చెప్పారు. అడిగితే వెళ్ళనని ఎప్పుడూ అనలేదు. అడిగినవాళ్ళే లేరు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. రేణు అత్త రోజూ ఫోన్ చేసి "అమ్మా, సర్దుకున్నావా?" అనేది. నానమ్మ "పాపకి జలుబు తగ్గిందా?" అనేది. అత్త ప్రశ్న అక్కడే ఉండిపోయేది. అమ్మ సూట్‌కేసు దించి హాల్లో పెట్టింది. నానమ్మ దానిమీద కాళ్ళు చాపుకుని ఆట చూసింది. దయ్యాలు చిత్తుగా ఓడిపోయాయి. పెళ్ళికొడుకు బిళ్ళను తన గోల్‌లోకే తోసుకున్నాడు. నానమ్మ హిందీ నాకు అర్థం కాకపోయినా చెవులు మూసుకున్నాను.

బుధవారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో నేనే విషయం బయటపెట్టాను. నానమ్మ వద్దని సైగ చేసింది కాబట్టి.

"అదేంటండీ, మీరు వెళ్ళిపోతే ఎలా?" అన్నాడు శశికాంత్ అంకుల్. నిజంగానే కంగారుపడ్డాడు. "మీ ప్లేస్‌లో ఎవరొస్తారు? రాజ్ బదులుగా ఏం తీసుకుంటున్నాడు?"

"ఏమీ లేదు," అంది నానమ్మ.

"మరీ అన్యాయమైన డీల్ అండీ. ఇంత ఎక్స్‌పీరియన్స్ ఉన్న మనిషిని ఊరికే ఇచ్చేస్తారా?"

"ముసలిదాన్ని కదా శశికాంత్. కాంట్రాక్ట్ అయిపోవచ్చింది. ఇప్పుడే పంపించేయాలి."

అంకుల్ మొహం మాడిపోయింది. "మీరు వేరండీ," అన్నాడు.

"పెళ్ళికొడుకు ఇంట్లో వాళ్ళూ వాడు వేరనే అనుకుంటారు."

నిశాంత్ అన్న ఫోన్లోంచి తలెత్తలేదు. నవ్వు ఆపుకోవడానికి అది మంచి పద్ధతి.

గడువు శుక్రవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ క్లబ్‌హౌస్ టీవీ ముందు చేరారు. శశికాంత్ అంకుల్ ఇంట్లోంచే పని చేస్తున్నానని ఆఫీసుకు చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చున్నాడు. గడువు ముగియడానికి కాస్త ముందు నిశాంత్ అన్న ఫోన్ చూసి "అయ్యో" అన్నాడు.

"చెప్పు," అంది నానమ్మ.

"పోయిండు ఆంటీ. బాస్టన్‌కి."

"వాణ్ణి అడగలేదా?"

"అడిగిన్రట. ఒప్పుకున్నడట. ఈసారి కప్పు గెలిచే టీమ్ కదా."

నానమ్మ టీవీ వైపు చూసింది. తెరమీద పెళ్ళికొడుకు పళ్ళు లేని నవ్వు నవ్వుతున్నాడు. "వారం రోజులుగా వీడికోసం నేను మీ అందరితో తగువులాడితే, అడగ్గానే ఊ అన్నాడా?" అంది. "మాటవరసకైనా వద్దనలేకపోయాడా? వద్దనే వీలుండి కూడా."

శశికాంత్ అంకుల్ గెలిచాడు. అయినా సంతోషం లేదు. బదులుగా వచ్చింది అందరూ ఏరుకున్నాక మిగిలే మూడో రౌండ్ పిక్కేనని తెలిసి టీమ్ మేనేజర్‌ని తిట్టే పనిలో ఉన్నాడు. మ్యూట్ ఎప్పుడు తీసేశాడో గమనించుకోలేదు. ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో "శశి, ఆర్ యూ ఓకే?" అన్నారు.

అప్పుడే నానమ్మ ఫోన్ మోగింది. రేణు అత్త వీడియో కాల్. భుజం మీద పాప ఏడుస్తోంది. అత్త జుట్టు చూస్తే పొద్దుట్నుంచీ దువ్వుకున్నట్టు లేదు.

"అమ్మా, అన్నయ్య అంతా చెప్పాడు. సరే, అడుగుతున్నాను. వస్తావా?"

"నిజంగా అడుగుతున్నావా, ఊ అంటాననే నమ్మకంతో అడుగుతున్నావా?"

అత్త కాసేపు పాప వీపు తట్టింది. "ఊ అంటావనే."

"నిజం చెప్పావు. అయితే రాను."

నానమ్మ అలా అంటుందని మాకెవరికీ తెలీదు. ఆవిడకూ తెలీదనుకుంటాను, ఎందుకంటే తన నోటిని చేత్తో తుడుచుకుంది. అవతల అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సోమవారం నుంచి ఆఫీసమ్మా. ఇప్పుడు నేనేం చేయను?" అంది. కోపం కాదు, అలసట.

"ఏడవకు. నిన్ను ఉత్త చేతులతో వదిలేస్తానా?" నానమ్మ గదంతా చూసింది. శశికాంత్ అంకుల్ని చూసింది, నిశాంత్ అన్నను చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"స్మృతిని పంపిస్తాను," అంది. "కారు నడుపుతుంది. ఇక్కడ చేసేదేం లేదు. డేకేర్ దొరికేదాకా ఉంచుకో, దొరికాక తిరిగి పంపించేయ్."

"నన్నడగరా?" అన్నాను.

"నిన్నెందుకు అడగడం?"

"నువ్వే కదా వారం రోజులుగా అడగాలి, అడగాలి అని ఇల్లు పీకి పందిరేశావు."

"క్లాజ్ రావాలంటే ఏళ్ళతరబడి ఆడాలే. నువ్వింకా రూకీవి."

నేను నిశాంత్ అన్నవైపు తిరిగాను. "రూల్ అదే స్మృతీ," అన్నాడు. వాడు నాకు అన్న ఎలా అయ్యాడో నాకిప్పటికీ తెలీదు.

టికెట్ మీద పేరు మార్చడం కుదరదని విమానం కంపెనీ వాళ్ళన్నారు. నాన్న కొత్త టికెట్ కొన్నాడు. హాల్లో పెట్టిన సూట్‌కేసులో నా బట్టలు పెట్టారు.

ఇది అల్ఫారెట్టాలో రాస్తున్నాను. పాప ఇప్పుడే పడుకుంది. నేను తన ఉగ్గు నా చొక్కా మీంచి తుడుచుకుంటున్నాను. శనివారం కదా అని ఇందాక నిశాంత్ అన్న ఫోన్‌కి వీడియో కాల్ చేశాను. ఎత్తి పక్కన పెట్టేసినట్టున్నాడు, పైకప్పు ఫ్యాన్ తప్ప ఏమీ కనిపించలేదు. మాటలు మాత్రం వినిపించాయి. నా గురించే.

"డీల్‌లో రేణు గారు మోసపోయారండీ," అంటున్నాడు శశికాంత్ అంకుల్. "మిమ్మల్ని అడిగితే ఆ పిల్లనిచ్చారు. దానికి గుడ్డు ఉడకబెట్టడం రాదు."

"ఏం మాట్లాడుతున్నావ్ శశికాంత్? దాని చేతిలో ఏ పిల్లా ఇంతవరకు ఏడవలేదు."

"ఇంతకుముందు ఎంతమందిని ఎత్తుకుందండీ?"

"ఇదే మొదలు," అంది నానమ్మ. "చూశావా, ఒక్కళ్ళు కూడా ఏడవలేదు."