ఆరో మెట్టు మీద లైన్‌మన్

మా ఆఫీసు నాచారంలో ఒక పాత కార్ఖానా షెడ్డు. అక్కడ నలుగురం కలిసి కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేస్తున్నాం. ఆడేవాళ్లు ఏ వృత్తి ఎంచుకోవాలి, మెట్టు మెట్టుకీ ఏ శక్తి రావాలి, మంత్రం వేస్తే ఏం ఖర్చవ్వాలి, ఇవన్నీ తేల్చడం నా పని. "ఖర్చయిన శక్తి కాసేపటికి దానంతటదే నిండుతుంది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మన ఇళ్లలో దానంతటదే నిండేది ఏముంది?

ఈ మొండితనం నాకు ఎనిమిదో తరగతి నుంచీ ఉంది. అప్పుడు ఉప్పల్‌లో ఒక డాబా ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో నా స్నేహితురాలు. మధ్యలో ఉన్న ఏడు మెట్లే మా ఆట. నాన్న ల్యాబ్ నుంచి తెచ్చే ఒకవైపు వాడిన కాగితాలు కుట్టి, నోట్‌బుక్ చేసి, రూల్సన్నీ నేనే రాశాను. వృత్తులు మూడు: నర్సు, వెల్డర్, లైన్‌మన్. తనెప్పుడూ లైన్‌మనే. తన గుర్తు ఒక సోడా మూత. ఒక్కో మెట్టెక్కితే ఒక శక్తి వస్తుంది, ఒకటి పోతుంది. మూడో మెట్టు మీది లైన్‌మన్‌కు చీకట్లో కనిపిస్తుంది, ఎండలో కనపడదు. ఏడో మెట్టెక్కితే పోయినవన్నీ తిరిగొస్తాయి. అక్కడిదాకా మాలో ఎవరమూ వెళ్లలేదు.

మంత్రం రూలు మాత్రం మా అమ్మ వంటింట్లోంచి ఎత్తుకొచ్చాను. మెట్టెక్కాలంటే మంత్రం వెయ్యాలి. మంత్రమంటే గిన్నెలో మజ్జిగ. ఎంతైనా వాడుకో, రేపు పాలు తోడెయ్యడానికి ఒక చుక్క ఉంచుకో. గిన్నె ఊడ్చేశావా, పక్కవాళ్లని అడగాలి. దీపాలు పెట్టాక ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు. ఆ చివరి రూలు రాసినప్పుడు ఎంత మురిసిపోయానో!

నా స్నేహితురాలి నాన్నకు చర్లపల్లిలో ఉద్యోగం దొరికింది. మర్నాడు ఇల్లు ఖాళీ చేస్తారనగా ఆ సాయంత్రం ఆట ముగించాలని కూర్చున్నాం. ఆరో మెట్టు మీద తన గిన్నె ఖాళీ అయింది. నా నర్సు గిన్నె నిండుగా ఉంది. ఇంతలో లోపల అమ్మ దీపం పెట్టింది.

"ఒక్క సుక్క ఇయ్యవే. రేపు వోతున్నం గద" అంది.

"దీపాలు పెట్టేశారు. రూలు రూలే."

"రూలంట రూలు! నీ ఆట నువ్వే ఆడుకో." మూత అక్కడే వదిలేసి విసవిసా దిగిపోయింది.

పది నిమిషాలకి వాళ్లమ్మ పైకొచ్చింది. "అక్కా, రేపు సద్దికి పెరుగన్నం కలుపుదామంటే పాలు తోడెయ్యనీకి ఇంట్ల సుక్క మజ్జిగ లేదు. జర ఇస్తవా?"

"దీపాలు పెట్టాక చేతికివ్వకూడదమ్మా" అంటూనే అమ్మ గిన్నె తెచ్చి గడప మీద పెట్టి, మొహం అటు తిప్పుకుంది. "నేను చూడలేదు, తీసుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అప్పుడే పరుగెత్తి కిందికి వెళ్లి ఉంటే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. పొద్దున్నే వాళ్లు సామాను ఎక్కిస్తుంటే నిద్ర నటించాను. బడి నుంచి వచ్చేసరికి కింద తలుపుకి తాళం.

మొన్న మా టీమ్‌లో చిన్నమ్మాయి కొత్త ఆటను పరీక్షిస్తూ ఏడో మెట్టు ముందు ఆగిపోయింది. "గిదేందక్కా? గిన్నె నిండ పెట్టుకొని పక్కింటామె ఇయ్యనంటది!"

"కాసేపు గుమ్మం ముందే నిలబడు" అన్నాను.

తెర మీద పక్కింటావిడ గిన్నె గడప మీద పెట్టి మొహం తిప్పుకుంది. ఆ అమ్మాయి పకపకా నవ్వి గిన్నె తీసుకుని ఏడో మెట్టెక్కింది. "మస్తుంది అక్కా, ఎట్ల తట్టింది నీకు?" అంది. మా అమ్మ చెప్పిందన్నాను.

ఆ నోట్‌బుక్, సోడా మూత ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. లైన్‌మన్ ఎదురుగా ఆరు అనే ఉంది. రూల్సు రాసింది నేనే, ఏడు అని దిద్దెయ్యొచ్చు. పెన్సిల్ తీశాను కూడా. కానీ ఆ మెట్టు తనది, తనే ఎక్కాలి. గిన్నె గడప మీద పెట్టడం వరకే నా వంతు, అదే నేను చెయ్యలేదు. మా ఆఫీసు నుంచి చర్లపల్లి ఎంత దూరమని? అరగంట కూడా పట్టదు. ఇన్నేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు.