మంగళవారం ఊరు విడిచినప్పుడు

ఈరోజు పొద్దున పెరుగు తెచ్చే ఆవిడ గిన్నెలో పెరుగు వంచుతూ, "మంగళవారం రానమ్మా. ఊరు విడుస్తాండాం," అంది. సంత ఉంది కాబట్టి రాను అన్నంత మామూలుగా అంది. ఆమెది మేం పావగడకు మారకముందు కాపురమున్న పల్లె. మంగళవాడ దాటి ఇంకా లోపలికి పోవాలి. "ఇంతవరకూ ఒక్క పదును వాన లేదు గదమ్మా, ఏం జేసేది మరి," అని తనే సంజాయిషీ చెప్పి, చుట్టకుదురు తలమీద సర్దుకుని వెళ్లిపోయింది. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను. పిల్లవాడు నిద్రపోయాక ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి వాడి నుదురు తాకి వచ్చాను. జ్వరమేమీ లేదు. అలవాటు, అంతే.

ఊరు విడవడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. వానలు ముఖం చాటేసిన ఏడు ఆ పల్లెలో పెద్దలందరూ ఒక మంగళవారం నిర్ణయిస్తారు. ఆరోజు సూర్యుడు పొడవక ముందే పొయ్యిలన్నీ ఆర్పి, బూడిద ఎత్తిపోసి, ముసలీ ముతకా, గొడ్డూ గోదా, బుట్టల కింద కోళ్లతో సహా అందరూ ఊరు వదిలి వంక పక్కనున్న కానుగ తోపుకు పోవాలి. ఊరి మొగదలలో కంపతో అడ్డం కడతారు. పొద్దు గుంకేదాకా ఊళ్లో మనిషి అలికిడి ఉండకూడదు. మధ్యాహ్నం తోపులో అమ్మవారి ముందు పూజారి రెండు కట్టెలు రాపాడించి కొత్త నిప్పు పుట్టిస్తాడు. ఆ నిప్పు మీద ముందు అమ్మవారి పొంగలి ఉడకాలి, తర్వాతే ఇళ్లవాళ్లు వరసలో నిప్పు తీసుకుని వండుకోవాలి. అంతవరకూ ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. సాయంత్రం ఆ కొత్త నిప్పుతోనే ఇళ్లకు తిరిగొస్తారు. పాత ఇళ్లలోకి కొత్తగా కాపురం వచ్చినట్టన్నమాట.

కాపురం వచ్చిన కష్టం ఆ ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మాది కృష్ణా కాలవల కింది ఊరు. మావారు నూనెమిల్లు తరఫున వేరుశనగకాయ కొనే ఉద్యోగంలో ఉండడంతో పెళ్లయిన ఏడాదికే ఆ పల్లెలో దిగాం. భాష తెలుగే కదా, కర్ణాటకమైతే ఏమిటి, మనవాళ్లే అనుకుని వచ్చాను. బస్సు బోర్డులు కన్నడంలో ఉంటాయన్న సంగతి పావగడ బస్టాండులో దిగాకగానీ తోచలేదు. డిగ్రీ చదివినదాన్ని, వచ్చిన ప్రతి బస్సు వెనకా పరుగెత్తి "ఇది ఎక్కడికి పోతుందండీ" అని అడుగుతుంటే, పాపం చదువు రాదు కాబోలని ఒక ముసలాయన నన్ను చేయిపట్టి ఎక్కించాడు. రాగిసంకటి నమలకుండా మింగాలని తెలియక, ఒక ముద్ద మధ్యాహ్నమంతా నమిలి దవడలు నొప్పి పుట్టించుకున్నాను. నా "అండీ"లకు ఆడవాళ్లు చీరకొంగులు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు. "మీ ఊర్లో నీళ్లు కాలవల్లో ఊరికే పోతాయంట గదా, అట్లాంటి ఊరిడిసి ఈడికి యాల వచ్చినారు?" అని అడగనివాళ్లు లేరు. మొదట్లో జవాబు చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వి ఊరుకునేదాన్ని.

అన్నిటికంటే కష్టం నీళ్లు. ఊరికంతా ఒకే బోరింగు ఆడేది. దాని దగ్గర ఏ ఇంటి బిందెలు ఏ ఇంటి తర్వాత పెట్టాలో తాతల నాటి నుంచి నడుస్తున్న వరస ఉంది. ఆ వరసలో మాకు చోటు లేదు. అందరూ పట్టుకుపోయాక, బోరింగు కీచుమని గాలి కక్కే వేళకు నా వంతు వచ్చేది. చాలాకాలం చూసి, మా ఇంటి యజమానురాలు ఒకరోజు నా బిందె తనే తీసుకెళ్లి తన బిందెల వెనక పెట్టింది. ఆమె భూమున్న పాత ఇంటి పెద్ద. ఊరంతా పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె పెట్టిన బిందెను జరిపే ధైర్యం ఎవరికీ లేదు. అలా ఆ ఊళ్లో నాకంటూ ఒక చోటు దొరికింది. బిందె అడుగు పట్టేంత చోటు.

మేం ఊరు విడిచిన ఏడు వేసవి ఆషాఢంలోకి కూడా పాకింది. మంగళవారానికి రెండు రోజుల ముందు పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకా ఏడాది నిండని పిల్లవాడు. పావగడ తీసుకుపోతే డాక్టరు పొడి ఇచ్చి, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచా చెంచాగా పడుతూనే ఉండాలనీ, ఎండ తగలనివ్వొద్దనీ, ఒంటికి పోవడం ఆగితే వెంటనే తీసుకురావాలనీ చెప్పారు. మావారు మిల్లు పనిమీద వై.ఎన్.హొసకోట వైపు వెళ్లారు, బుధవారానికి గానీ రారు. పావగడలోనే ఉండిపోదామంటే మాకక్కడ తెలిసిన గడప ఒక్కటి లేదు.

సోమవారం సాయంత్రం పూజారి ఇంటింటికీ చెప్పుకుంటూ పెద్దమ్మ అరుగు దగ్గరికి వచ్చాడు. పిల్లవాడికి ఇలా ఉంది, మేం ఇంట్లోనే తలుపేసుకుని ఉండవచ్చా అని అడిగాను. ఆయన మంచి మనిషే. "ఆయమ్మ మన ఊరిది కాదు గదప్పా. ఉండనీ లోపలే. అమ్మోరికి లెక్కలోకి రాదు," అన్నాడు. నాకు గుండెలమీది బండ దిగినట్టయింది. ఇంతలో పెద్దమ్మ కోడలు, చేటలో విత్తనపు కాయలు ఏరుతూ తల ఎత్తకుండానే, "ఊరిది కానప్పుడు బోరింగు కాడ వరసేంది మరి?" అంది.

"నీ నోట్లో మన్ను పడ! దాంట్లోకి దీన్ని యాల తెస్తావే?" అంది పెద్దమ్మ.

"నేనేమంటి అత్తా? ఉండే మాటే గదా అంటి. రేపు వాన రాకుంటే ఊర్లో ఎవరు మిగిలినారని అడగరా?"

కోడలి మీద నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నిజం. ఇంట్లో నీడ ఉంది, కానీ ఆ నీడలో కూర్చోవాలంటే నేను ఈ ఊరిదాన్ని కానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఎల్లుండి నుంచి నా బిందె ఎక్కడ? వాన రాకపోతే, ఏడాది పొడుగునా, ఆరోజు తలుపేసుకుని ఉండిపోయింది ఫలానా ఆవిడే అన్న మాట ఎక్కడికి పోతుంది? తోపుకు పోతే ఎండ, దుమ్ము, ఒళ్లు వడిలిపోతున్న పిల్లవాడు. ఏది చేసినా వాడిమీదికే వస్తోంది. చదువుకున్నదానివి, ఇందులో ఆలోచించడానికేముంది అని మీరనవచ్చు. నీళ్లు లేని ఊళ్లో పసిబిడ్డ గుడ్డలు ఉతుక్కున్నవాళ్లు అనరు. "మేమూ వస్తాం," అన్నాను.

మర్నాడు పొయ్యి ఆర్పేముందు నీళ్లు కాచి ఫ్లాస్కు నిండా పోసుకున్నాను. మసక వెలుతురులో ఊరంతా ఒక్కసారిగా కదిలింది. మంచం మీద మోసుకుపోతున్న ముసలాయన ఒకరు, మోస్తున్న కొడుకులను "నిదానంప్పా, నేనింకా చావలే," అని తిడుతున్నాడు. తోపు చేరాక అసలు సంగతి బయటపడింది. అక్కడ చెట్లకూ వరస ఉంది. ప్రతి ఇంటికీ తమ తాత కూర్చున్న చెట్టు ఉంది. ఎవరికి వాళ్లు తడుముకోకుండా పోయి తమ నీడలో చాపలు పరిచారు. ఇందాకటిదాకా నాతోపాటు నడిచిన మనుషులు ఇట్టే సర్దుకున్నారు, నేనూ పిల్లవాడూ నడిమధ్య మిగిలాం. పెద్దమ్మ అమ్మవారి గద్దె దగ్గర పొయ్యి వేసే పనిలో ఉంది. అమ్మవారి పొంగలి వండే హక్కు వాళ్లింటిది. పిలవని చెట్టు కిందికి వెళ్లలేక, తోపు అంచున ఒక తుమ్మచెట్టు కింద చీర పరిచాను. తుమ్మ నీడంటే జల్లెడ పట్టుకున్నట్టే. ఎండ చుక్కలు చుక్కలుగా వాడి ముఖం మీద పడుతుంటే, అవి ఎటు జరిగితే అటు నా వీపు అడ్డం పెట్టి కూర్చున్నాను.

పొద్దెక్కాక ఎవరిదో మేకపిల్ల తుమ్మకాయల కోసం వచ్చి ఫ్లాస్కును తన్నింది. పైకి ఏమీ కాలేదు. ఎత్తి ఊపితే లోపల గాజు గలగలమంది. చిన్న గిన్నెలో అప్పటికే కలిపి ఉంచినవి తప్ప నీళ్లు లేవు. అవి అయిపోయాక పిల్లవాడు ఏడవడం కూడా మానేశాడు. అదే నన్ను భయపెట్టింది. నోరు తెరిస్తే నాలుక ఎండి ఉంది. తెల్లారినప్పటి నుంచీ కింద గుడ్డ తడవలేదు. ఎవరినడిగినా బిందెల్లో బోరింగు నీళ్లే, కాచినవి చుక్క లేవు, తెల్లవారుజాము నుంచి ఊరంతటికీ పొయ్యి లేదు. నా సంచిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని, కొంగు కింద దాచి, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గీస్తే ఊరు క్షమించదు. గీయకపోతే నన్ను నేను క్షమించుకోలేను. పుల్ల బయటికి తీశాను కూడా.

"ఏంది పాపా అది చేతిలో?" పెద్దమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టుంది. "అందరూ చెట్ల కింద ఉంటే నువ్వేంది ఈ కంపలో?"

ఆమె పిల్లవాడి పొట్టమీది చర్మం వేళ్లతో పట్టి వదిలింది. ముడత ముడతగానే ఉండిపోయింది. అగ్గిపెట్టె నా చేతిలోంచి లాక్కుని రొంటిన దోపుకుంది. "అది వొద్దు. లెయ్యి," అని వాణ్ణి భుజాన వేసుకుని గబగబా నడిచింది. గద్దె దగ్గర పూజారి అప్పుడే కట్టెలు పట్టుకుని కూర్చున్నాడు, చుట్టూ జనం. ఎంతో సేపటికి పొగ, పొగలోంచి నిప్పు, పిడకమీదికి, పిడకనుంచి పొయ్యిలోకి. పెద్దమ్మ పొంగలి కుండ పక్కకు జరిపి, నా చేతిలోని చిన్న గిన్నె లాక్కుని, బిందెలోంచి నీళ్లు వంచి పొయ్యి మీద పెట్టింది.

"ఏందక్కా అది?" పూజారి గొంతు మారింది. "అమ్మోరి కంటే ముందు ఏంది పెట్టేది?"

"నీళ్లు."

"తెలిసే చేస్తాండావా?"

"అమ్మోరేమన్నా చంటిబిడ్డా ఆకలికి ఏడ్చేకి? కాసేపు కాసుకోని ఉంటాదిలే."

జనంలో గుసగుస లేచింది. "వాన రాకుంటే నువ్వే జవాబు చెప్పాల," అన్నాడాయన.

"చెప్తా పో. ఇన్నేండ్లూ పొంగలే ముందు పెడితిమే, వచ్చెనా నీ వాన?"

ఆ మాటకు పూజారి చెంపలు వేసుకున్నాడు, కొందరు నవ్వారు కూడా. నవ్వనివాళ్లే ఎక్కువ. ఆ గిన్నె కాగేంతసేపు ఊరి కళ్లన్నీ దానిమీదే. అడుగున బుడగ లేచి, పైకి రావడానికి అంతసేపు పడుతుందని నాకు అంతకుముందు తెలియదు. దించాక కోడలే, బోరింగు మాట అన్న ఆ కోడలే, రెండు లోటాల మధ్య తిరగపోసి చల్లార్చింది. పెద్దమ్మ తన చెట్టు కింద కాళ్లు చాపుకుని వాణ్ణి ఒళ్లో వేసుకుంది. నేను పక్కన కూర్చుని చెంచా తరవాత చెంచా. మొదట కారిపోయింది, తర్వాత గుటక పడింది. వంటలయ్యాయి, వరసలు సాగాయి, జనం తిన్నారు. నేను చెంచా ఆపలేదు. నీడలు పొడుగవుతున్న వేళ పెద్దమ్మ ఉన్నట్టుండి "ఓయబ్బా!" అని కేక పెట్టింది. నా పై ప్రాణం పైనే పోయింది. ఆమె మాత్రం తడిసిన చీర కుచ్చెళ్లు పైకెత్తి చూపిస్తూ, తోపంతా వినపడేలా అరిచింది: "వచ్చెనప్పా వాన! ఊరంతా బయటికొచ్చి మొక్కుకుంటే నా వొళ్లో పడె!"

ఈసారి అందరూ నవ్వారు. పూజారి కూడా. నేను మాత్రం ఏడ్చాను.

పిల్లవాడు రెండు రోజుల్లో తేరుకున్నాడు. నా భయం తేరుకోలేదు, అది వేరే దారి పట్టింది. ఆరోజు నుంచి నేను ఆకాశం చూడడం మొదలుపెట్టాను. మా సొంత ఊళ్లో వానంటే మడతమంచం లోపలికి తెచ్చుకోవడం, అంతే. ఇక్కడ నాకు సెంటు భూమి లేదు, కానీ సాయంత్రమయ్యేసరికి పెరట్లోకి వెళ్లి ఈశాన్యం కేసి చూసేదాన్ని. గోడకు అవతల పెద్దమ్మ కూడా అటే చూస్తూ కనబడేది. ఒకరికొకరం దొరికిపోయినట్టు, పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయేవాళ్లం. ఉత్త మబ్బు వచ్చి ఉత్తగా పోయిన రాత్రులు నాకు అన్నం సహించేది కాదు. బోరింగు దగ్గర ఎవరు గొంతు తగ్గించి మాట్లాడినా మా గిన్నె గురించే అనిపించేది.

వాన వచ్చింది, చెప్పుకోవాలంటే. ఆలస్యంగా ఒక మంచి పదును పడింది, ఊరంతా విత్తనం వేసింది. తీరా వేరుశనగకు కాయ పట్టే ఊడలు భూమిలోకి దిగేవేళకు నిలిచిపోయింది. కాయల్లో సగం లొట్టలే. అది గెలుపో ఓటమో ఎవరూ తేల్చలేదు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, అనకపోవడానికి కారణం మరిచిపోవడమో, మన్నించడమో నాకు తెలియదు. పెద్దమ్మను అడిగితే, "అందురులే, ఎప్పుడో ఒగప్పుడు. అనేకి మనముండాల గదా ఈడ," అని నవ్వింది.

ఆ ఊళ్లో మీరెన్నేళ్లున్నారని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ తడబడతాను. సామాను దించిన రోజు నుంచి లెక్కపెట్టాలో, మొదటిసారి మబ్బు కోసం భయపడిన సాయంత్రం నుంచి లెక్కపెట్టాలో తెలియదు. ఆ రెంటికీ మధ్య గడిచిన కాలం నాదా, కాదా అన్నది కూడా ఇంకా తేలలేదు.