నొప్పి లేని పుండు

మొన్న తొలకరికి ముందు మా మేనల్లుడి గొర్రెలకు దొమ్మ రోగం రాకుండా సూదులు వేస్తున్నారని తెలిసి, ఎవరూ రమ్మనకపోయినా వెళ్లి దొడ్డి పక్కన బండ మీద కూర్చున్నాను. నాకు కుర్చీ వేయాలని కూడా ఎవరికీ తోచలేదు, అది వేరే సంగతి. మక్తల్ నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ ఒక్కతే నన్ను పలకరించింది. అందుకే, చిన్ననాటి నుంచి నా కడుపులో ఉండిపోయిన ప్రశ్నను ఆ అమ్మాయినే అడిగాను: ఆ రోగం మనిషికి అంటితే లేచే పుండు నొప్పి ఎందుకు పెట్టదని.

అరవైలలో, నాకు ఊహ తెలిసిన రోజుల్లో, మా పల్లెలో గొర్రె చస్తే పూడ్చిపెట్టడమన్న మాటే లేదు. బతికున్నదాన్ని కోసుకు తినే భాగ్యం అమ్మవారికి దేవర చేసినప్పుడు తప్ప మాకు ఉండేది కాదు కనుక, చచ్చినదాన్నే ఒలిచి, తోలు ఆరబెట్టి, కూరను మోదుగాకుల మీద పోగులు పెట్టి అన్నదమ్ముల ఇండ్లకు పంచేవాళ్లు. మా నాయినవి, పెద్దనాయినవి కలిపి ఒకటే మంద. కోసి పోగులు పెట్టే పని మా అమ్మది. ఆమె చేతి కింద ఏ పోగూ ఎక్కువా కాదు, తక్కువా కాదని అందరూ ఒప్పుకునేవారు, మా పెద్దమ్మ తప్ప. ఒకసారి కార్జం కనబడకపోతే, మా అమ్మ కొంగులో దాచుకుందని బావి దగ్గర నలుగురిలో అన్నది. ఆ కార్జాన్ని కుక్క ఎత్తుకుపోవడం నేను కళ్లారా చూశాను. చూశానని చెబితే, "దొంగకు బిడ్డ సాక్ష్యమా" అని నవ్వింది. పెద్దమ్మ పోయి చాలా ఏండ్లయింది గాని ఆ నవ్వు నాకింకా వినబడుతూనే ఉంది.

ఆ ఏడు తొలి వానలకు చెరువు శిఖంలో పచ్చిక లేచిన కొత్తలో, మందలోకెల్లా బలమైన పొట్టేలు మేస్తూ మేస్తూ కూలబడి చచ్చిపోయింది. ముక్కులోంచి నల్లటి రక్తం కారుతూనే ఉంది గాని గడ్డకట్టలేదు. పామేదో ముట్టిందనుకుని పెద్దనాయిన దాన్ని మోసుకొచ్చి, రెండిండ్ల నడిమి గోడ పక్కన వాకిట్లో పడేసి ఒలవడానికి కూర్చున్నాడు. మా అమ్మను పిలవమని నాయిన అంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"వద్దులే మరిదీ. ఆమె చేతులు మంచియే, కొంగే మంచిది గాదు."

గోడ ఇవతల నుంచి ఆ మాట విన్న అమ్మ లోపలికి పోయింది. పెద్దమ్మ తన బిడ్డను, అంటే మా అక్కను, కూర్చోబెట్టింది. మా అక్క ఆ పొద్దున్నే కంపకట్టెలు మోసుకొచ్చి, మెడ మీద ముల్లు గీసుకున్నది. పొట్టేలు కాళ్లు పట్టుకుని, కూర కోస్తూ, చెమట పట్టినప్పుడల్లా ఆ రక్తపు చేతితోనే మెడ తుడుచుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అందులో భయపడాల్సింది ఉందని ఎవరికి తెలుసు? సాయంత్రం తల్లికి తెలియకుండా మా పోగు కూడా తెచ్చింది.

"మీ అమ్మ పంపిందా?" అని అమ్మ అడిగింది.

"పంపలే. మీ లొల్లి గొర్రెకేం ఎరుక చిన్నమ్మా, జర తీస్కో."

అమ్మ తీసుకోలేదు. ఆ రోజు కూర తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదు. బాగా ఉడికిందో, అదృష్టమో తెలియదు.

అక్క మెడ మీద మాత్రం చీమ కుట్టినట్టు చిన్న దద్దురు లేచింది. అది పొక్కయి, పగిలి, నడిమధ్యన బొగ్గులా నల్లబడింది. చుట్టూ వాపు, కాని నొప్పి లేదు. నొప్పి లేదన్నదే మా అందరికీ ధైర్యమైపోయింది. పెద్దమ్మ ఆకు పసరు కట్టి, ఫికర్ చేయకండని అందరికీ చెప్పింది. వాపు గదవ దాకా ఎక్కి, జ్వరంతో ఒళ్లు కాలిపోయి, మింగిన నీళ్లు బయటికొస్తుంటే అప్పుడు బండి కట్టారు. మా అమ్మ, పిలవకుండానే, బండెక్కి అక్క తలను ఒడిలో పెట్టుకుంది.

మక్తల్ దవాఖానలో డాక్టరు ఆ నలుపును చూస్తూనే గొర్రెను ఎవరు ఒలిచారని అడిగాడు. పెద్దనాయిన ముందుకొస్తే, ఆయన వేలి మీద కూడా అటువంటిదే చిన్నది ఉంది. ఇద్దరికీ సూదులు వేశాడు. ఇన్నాళ్లు ఏం చేశారని కసిరితే పెద్దమ్మ, "నొస్తలేదన్నది సారూ" అన్నది. పెద్దనాయిన బతికాడు. అక్క మాత్రం, మెడ వాపు ఊపిరికి అడ్డుపడి, ఆ పొద్దు గుంకకముందే పోయింది.

తిరిగొచ్చాక మా వాకిట్లో నిలబడి పెద్దమ్మ మా అమ్మతో, "నువ్వు కూసునే కాడ నా బిడ్డ కూసున్నది" అన్నది. కూర్చోనియ్యనిది ఎవరని నాయిన అడగలేదు, పెద్దనాయిన అడగలేదు, ఊళ్లో ఒక్కరూ అడగలేదు. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని ఏమంటామన్నారు. అమ్మ ఆ మాటను మోస్తూనే పోయింది. నేనింకా మోస్తున్నాను.

నా ప్రశ్నకు డాక్టరమ్మ సూదిలో మందు నింపుకుంటూనే జవాబు చెప్పింది. "మన ఒంట్ల కావలోళ్లుంటరు అవ్వా. పరాయి పురుగును పట్టుకొని మింగుతరు. గీ పురుగేమో అంగీ తొడుక్కొని వస్తది, వాళ్లకు చిక్కదు. దాని విషం వాళ్లను పడగొడతది, నొప్పి గూడ తెల్వనియ్యది."

మరి ఈ సూది ఏం చేస్తుందన్నాను. అంగీ విప్పిన పురుగునే సూదిలో పంపుతారట. ఒళ్లు దాన్ని గెలిచి, దాని విషాన్ని గుర్తు పెట్టుకుని, అసలుది వచ్చిన రోజున ఎదురు తిరుగుతుందట. ఎన్నాళ్లు గుర్తుంటుందంటే, ఏడాదట, అందుకే ఏటా వేయాలట. గొర్రె ఒళ్లు కదా అనుకున్నాను. నేనేదీ మరచిపోనని ఇంట్లో అందరూ దెప్పుతుంటారు. మరచిపోకపోవడమే ప్రాణం కాస్తుందని ఆ పిల్ల నోట విని నాకు కొంచెం తృప్తి కలిగింది.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. ఆ రక్తం కారిన చోట మట్టిలో అది విత్తులా ఏండ్లకేండ్లు పడి ఉంటుందట, తవ్వితే లేస్తుందట. మేనల్లుడు ఆ వాకిట్లోనే కొత్త ఇంటికి పునాది తీయాలనుకుంటున్నాడు. చెబితే నవ్వాడు. "గిన్నేండ్లకు ఏముంటదత్తా" అన్నాడు. డాక్టరమ్మను అడగమన్నాను, చూద్దామన్నాడు.

ఆ రెండిండ్ల నడిమి గోడ ఎప్పుడో కూలింది. చచ్చినదాన్ని ఇప్పుడు సున్నం చల్లి పూడుస్తున్నారు, మంచిదే. ఎవరి ఇంటికీ ఎవరూ పోగు పంపరు, పంపలేదని అలిగేవాళ్లూ లేరు. ఆ రోజు వాకిట్లో కూర్చున్నవాళ్లలో ఒక్కరూ మిగలలేదు. పొట్టేలును పడేసిన చోటు ఇదీ అని చూపించగలిగేదాన్ని నేనొక్కదాన్నే, నన్ను అడిగేవాళ్లు లేరు.