పిడికెడు బియ్యంలో బ్యాటరీ

మైపాడు బీచికి పోయే రోడ్డు మీద, ఆటోలు వెనక్కి తిరిగే చోట హెబ్రోను కొట్టు ఉంది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక స్టూలు, గోడ పొడుగునా ప్లగ్గులు, అంతే. సముద్రంలో చేపల వేటకు పోయేవాళ్ళు తలకు కట్టుకునే లైట్లు, వాళ్ళ ఫోన్లు, ఎవరో పడేసిన చిన్న ఫ్యాను, అన్నీ అక్కడికే వస్తాయి. బాగు చేయించుకున్నవాళ్ళు ఊరికే వెళ్ళిపోతామంటే కుదరదు. హెబ్రోను ఉపన్యాసం విని వెళ్ళాలి.

"రాత్రంతా ఛార్జింగులో పెట్టి పండుకుంటివా? నువ్వు రాత్రంతా అన్నం తింటావా అబ్బయా? కడుపు నిండితే లేస్తావు గదా! అట్టనే ఛార్జి పూర్తిగా ఎండబెట్టబాకు. దిండు మీద పెట్టబాకు. బండి డిక్కీలో ఎండకు వదలబాకు. జేబులో తాళాలతో కలిపి వెయ్యబాకు. పైన చొక్కా చినిగిందా, ఇంకేం ఆలోచించబాకు, పారెయ్!"

బ్యాటరీ పైన ఉండే రంగు ప్లాస్టిక్ తొడుగును హెబ్రోను చొక్కా అంటాడు. సొంత చొక్కా గుండీలు ఊడినా పట్టదు గాని, బ్యాటరీ చొక్కా కొస లేచిందంటే ఆయనకు అన్నం సహించదు.

ఇంత తెలిసిన మనిషికి ఒక్కటే జబ్బు, సిగరెట్టు. రోజుకు పెట్టె ఊదేసేవాడు. భార్య లిల్లీ వాళ్ళ నాయన బీడీలు తాగి తాగి, దగ్గి దగ్గి, ఆమె ఒళ్ళోనే పోయాడు. అందుకని హెబ్రోను దగ్గినప్పుడల్లా ఆమె ఏ పనిలో ఉన్నా ఆగిపోయేది. చివరికి ఒక కొత్త సంవత్సరం ఆరాధనలో ఆయన లేచి, అందరి ముందూ సాక్ష్యం చెప్పి సిగరెట్టు మానేశాడు. లిల్లీ ఆనందం పట్టలేక వీధికంతా పాయసం పంచింది.

నిజంగానే మానేశాడు. పదకొండు నెలలు.

అప్పుడు తమ్ముడు జడ్సన్ కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, ఎవరూ చూడకుండా అన్న చేతిలో ఒక గొట్టం పెట్టాడు. కరెంటు సిగరెట్టు. ఇప్పుడైతే దాన్ని మన దేశంలో అమ్మడమే నేరం. అప్పటికి ఇంకా ఆ చట్టం రాలేదు. నిప్పు లేదు, బూడిద లేదు, వచ్చేది మామిడిపండు వాసన. "ఇది సిగరెట్టు కిందికి రాదులే" అని హెబ్రోను తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. ఇలాంటి తీర్పులు చెప్పుకోవడానికి మనకు వకీళ్ళు అక్కర్లేదు కదా!

దానికి బొటనవేలంత బ్యాటరీలు రెండు. ఒకటి గొట్టంలో ఉంటే రెండోది విశ్రాంతిలో ఉండేది. వాటిని ఆయన సాకిన తీరు చూడాలి! దానికిచ్చిన ఛార్జరు తప్ప వేరేది తాకనిచ్చేవాడు కాదు. నాపరాయి మీదే పెట్టి, నిండేదాకా పక్కనే కాపలా కూర్చునేవాడు. కాని సముద్రపు తేమ ఊరుకుంటుందా? రెండో బ్యాటరీ కొసన తుప్పు చుక్క కనబడింది. తేమను బియ్యం పీల్చుకుంటుందని ఎక్కడో విన్నాడు. అయితే వంటింటి బియ్యం డ్రమ్ములో రోజుకు రెండు పూటలా లిల్లీ చెయ్యి పడుతుంది.

అప్పుడు కనబడింది దేవుడి డబ్బా. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ లిల్లీ ఒక పిడికెడు ఆ డబ్బాలో వేస్తుంది. ఆదివారం దాన్ని చర్చికి తీసుకుపోతుంది. అక్కడ పోగైన బియ్యం ఊళ్ళో ముసలమ్మ మహాలక్ష్మమ్మ లాంటి ఒంటరివాళ్ళకు పోతాయి. వారమంతా ఆ డబ్బాలో వేయడమే తప్ప తీయడం ఉండదు. ఇంతకన్నా భద్రమైన చోటు నెల్లూరు జిల్లాలో ఉంటుందా? హెబ్రోను బ్యాటరీని అందులో పూడ్చేవాడు. శనివారం సాయంత్రం గుర్తుగా తీసుకునేవాడు.

జూన్ నెల వచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో వేట నిషేధం ఎత్తేస్తారు. రెండు నెలలు మూలన పడ్డ లైట్లన్నీ శనివారం ఒక్కసారిగా కొట్టు మీద పడ్డాయి. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. "సగం ఛార్జి పెట్టి దాచమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినానా లేదా!" అని అందరినీ తిట్టుకుంటూ, వాటికి ప్రాణం పోస్తూ, హెబ్రోను తన బ్యాటరీ సంగతి మర్చిపోయాడు.

మర్నాడు చర్చిలో ప్రేమవిందు, అందరూ కలిసి భోంచేసే రోజు. ఆ వారం పోగైన బియ్యం దానికే. పాస్టర్ బెన్హర్ గారు వాక్యం చెబుతున్నారు. మైకు చూసుకుంటూ ముందు వరసలో కూర్చున్న హెబ్రోను కిటికీలోంచి చూశాడు. వెనక పెరట్లో సరుగుడు కట్టెల పొయ్యి మండుతోంది. అరుగు మీద లిల్లీ డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. నిన్న తీయని బ్యాటరీ అప్పుడు గుర్తొచ్చింది. వాక్యం మధ్యలోనే లేచి పెరట్లోకి పరిగెత్తాడు.

"ఏందయ్యా, అయ్యగారు వాక్యం చెప్తుంటే ఇట్టొచ్చినావు?" అంది లిల్లీ.

"ఏం లేదు. అన్నం ఉడికిందా అని."

పదిహేడేళ్ళ కాపురంలో అన్నం ఎలా ఉడుకుతుందో చూడని మనిషి, గరిటె పుచ్చుకుని గుండిగలో కలియబెట్టసాగాడు. ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు.

"ఆ బ్యాటరీ కోసమా అబ్బయా దేవులాడేది?" అంది మహాలక్ష్మమ్మ తాపీగా. "బియ్యం చెరుగుతుంటే దొరికింది. ఏదో లైటుది జారి పడుంటాదని తీసి పెట్టినాలే."

హెబ్రోనుకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో ముసలమ్మకు దండ వేసేవాడే. "యాడ పెట్టినావవ్వా?"

"చేతిలోంచి నీళ్ళల్లో పడింది. ఆరతాదని పొయ్యి రాయి మీద పెట్టినా."

"అందరూ ఎనక్కి పోండి! లిల్లీ, లెయ్!"

అరుస్తూనే గరిటెతో ఆ బ్యాటరీని ఇసకలోకి నెట్టాడు. అది బుస్సుమంది. తెల్లటి పొగ కక్కి, మంట చిమ్మి, భూచక్రంలా గిర్రున తిరుగుతూ కంచె దాకా దూసుకుపోయింది. కోళ్ళు గోడలెక్కాయి. హెబ్రోను దాని వెంటపడి తట్టలకొద్దీ ఇసక పోశాడు.

చర్చి మొత్తం పెరట్లోకి వచ్చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. హెబ్రోను మాత్రం వీరుడైపోయాడు. పాస్టరుగారు ఆయన్ను భుజం పట్టి తీసుకుపోయి మైకు చేతికిచ్చి, "దేవుడు నీ చేత ఎంత గొప్ప పని చేయించినాడో చెప్పు తమ్ముడూ" అన్నారు.

లైటు బ్యాటరీ అనేస్తే చాలు. అబద్ధం కూడా మహాలక్ష్మమ్మ ముందే తయారుచేసి పెట్టింది. కాని లిల్లీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పొయ్యి రాయికి మూరెడు దూరంలో కూర్చున్న మనిషి. ఆమె చీర కుచ్చిళ్ళ నిండా ఆ ఇసకే ఉంది. హెబ్రోను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అది లైటుది గాదు. కరెంటు సిగరెట్టుది. ఆరు నెలల్నించీ తాగతుండా. దేవుడి బియ్యంలో దాచింది నేనే."

మైకు ఆయన స్వయంగా బాగు చేసింది గనుక ప్రతి అక్షరమూ బీచి దాకా వినబడింది.

లిల్లీ నడుచుకుంటూ ఆయన ముందుకొచ్చింది. "చొక్కా చినిగిన బ్యాటరీని ఏం చెయ్యమంటావు ఊరందరికీ?"

"పారెయ్యమంటా."

"మాట చినిగిన మొగుణ్ణి?"

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. లిల్లీ నవ్వలేదు.

ఇంటికెళ్ళాక గొట్టం, అందులో మిగిలిన బ్యాటరీ, ఛార్జరు ఆమె స్వాధీనమయ్యాయి. దేవుడి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "దాని మీదికి మనసు పోయినప్పుడల్లా ఒక పిడికెడు ఇందులో వెయ్యి. నాకేం చెప్పబాకు."

బుధవారానికి డబ్బా పొంగింది. గురువారానికి సంచి తెచ్చారు. శుక్రవారం ఇంట్లో వండుకోవడానికి బియ్యం లేక ఉప్మా తిన్నారు. రెండు నెలలు మహాలక్ష్మమ్మ ఇల్లు బియ్యంతో కళకళలాడింది. కొట్టు ముందు ఆగి, "తొందరపడి మానబాకు అబ్బయా, నిదానంగా మాను" అని బతిమాలేది. హెబ్రోను స్టూలు మీదినుంచి పడేంతగా నవ్వేవాడు.

పోనుపోను సంచి అక్కర్లేకపోయింది. క్రిస్మస్ దగ్గరపడ్డ ఒక శనివారం లిల్లీ డబ్బా మూత తీసింది. తను వేసే పద్నాలుగు పిడికిళ్ళు డబ్బా నడుమ ఉన్న గీత దాకా వస్తాయని ఆమెకు తెలుసు. బియ్యం సరిగ్గా గీత దగ్గరే ఉన్నాయి.

"ఈ వారం నువ్వెన్ని వేసినావయ్యా?" అని లోపల్నించి కేకేసింది.

వసారాలో ఎవరిదో లైటు విప్పుకుని కూర్చున్న హెబ్రోను తలెత్తాడు. "అయ్యో, మర్చేపోయినా!"

లిల్లీ డ్రమ్ములోంచి ఇంకొక పిడికెడు తీసి, ఆయన పేరు చెప్పుకుని డబ్బాలో వేసింది.