మంచానికి కట్టిన బుడగలు

పిల్లల వార్డులో ఆమెను అందరూ బుడగలమ్మ అంటారు. ఉద్యోగం ఫిజియోథెరపిస్టు. జ్వరంతో మూలుగుతున్న పిల్లకి ఆ మాట నోరు తిరుగుతుందా? మనకే తిరగదు. న్యుమోనియా ముదిరి వచ్చిన పిల్లలకు డాక్టర్లు ప్రాణం నిలబెడతారు, నర్సులు మందులెక్కిస్తారు. గండం గడిచి ఆక్సిజన్ తీసేశాక ఈవిడ రంగంలోకి దిగుతుంది. దిగి ఏం చేస్తుందయ్యా అంటే, పిల్లల చేత దగ్గిస్తుంది. వీపు తడుతుంది. బుడగలు ఊదిస్తుంది. ఏడ్చినా వదలదు.

ఇంట్లోనూ అదే వరస. భర్త గురక పెడితే వేరే ఆడవాళ్ళు దిండు నెత్తిన పెట్టుకుంటారు. ఈవిడ లేచి కూర్చుని ఆ గురక విని, పొద్దున్నే ఆయనకు క్లాసు పీకుతుంది. "నువ్వు పెళ్ళి చేసుకుంది నన్నా, నా ఊపిరితిత్తుల్నా?" అని ఆయన నెత్తి కొట్టుకుంటాడు. ఆవిడ నోటికి జడిసి చుట్టాలు ఆ ఇంట్లో దగ్గొచ్చినా మింగేస్తారు.

వార్డులో ఆమె పెట్టిన పద్ధతొకటుంది. ఏ పిల్ల ఊదిన బుడగ ఆ పిల్ల మంచం కడ్డీకే కట్టాలి. పక్క మంచానికి ఎక్కువుంటే ఈ మంచానికి రోషం పుట్టుకొస్తుంది, ఇద్దరూ పోటీ పడి ఊదుతారు. ఆమెకూ సులువే. గుమ్మంలో నిలబడి చూస్తే చాలు, ఎవరు ఊదుతున్నారో ఎవరు ఎగ్గొడుతున్నారో తెలిసిపోతుంది. తెలిసిపోతుందని ఆమె అనుకునేది, అదీ సంగతి.

ఆ చలికాలం వార్డు కిటకిటలాడుతోంది. ఆరేళ్ళ పిల్లొకతె వచ్చింది. మామూలు జలుబేలే అనుకున్నారట. జ్వరం తగ్గలేదు, డొక్కలెగరేస్తూ ఆయాసం మొదలైంది. తీరా చూస్తే బ్యాక్టీరియా కుడి ఊపిరితిత్తిని పట్టేసి చుట్టూ చీము చేర్చింది. డాక్టర్లు పక్కటెముకల మధ్య గొట్టం వేసి చీము లాగారు, నరంలోకి మందులెక్కించారు. జ్వరం దిగింది. కానీ చీము కింద నలిగిన ఊపిరితిత్తి ముడుచుకుపోయి కూర్చుంది. అది విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే ఛాతీ తెరిచి, దాని మీద కట్టిన పొరను ఒలవాలి. అంత చిన్న ఒంటికి అంత పెద్ద కోత ఎవరికి కావాలి?

తల్లి పచ్చి బాలింత, ఇంట్లో చంటిదానితో ఉంది. తండ్రికి సెలవు దొరకలేదు. పిల్ల దగ్గర తాత, అంటే తల్లికి నాన్న, ఉన్నాడు. పంక్చర్ల కొట్టు నడుపుకునే మనిషి, పొద్దస్తమానం ట్యూబులకు గాలి కొట్టడమే పని. మొదటి రోజు బుడగలమ్మ బుడగిచ్చి ఊదమంటే పిల్ల సగం ఊది, కుడి డొక్క పట్టుకుని "నొప్పి తాతా!" అని గొల్లుమంది. పిల్ల కంటే ముందు తాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాటికి ఆ మంచం నిండా బుడగలు! పక్క మంచాల వాళ్ళు కుళ్ళుకునేటన్ని. బుడగలమ్మ గుమ్మంలోంచే "శభాష్ రా తల్లీ!" అంది. ఊపిరాడని పిల్లలు ఇంకా ఎంతోమంది ఎదురుచూస్తున్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు డాక్టరు ఆమెను పిలిచి కొత్త ఎక్స్‌రే చూపించాడు. "కుడి పక్క ఎక్కడిదక్కడే ఉంది. సర్జన్‌తో మాట్లాడాను. ఎల్లుండి ఆపరేషన్."

"అదెలా కుదురుతుంది సార్? ఆ పిల్ల తెగ ఊదుతోందే!"

నమ్మలేక తిన్నగా మంచం దగ్గరికొచ్చి ఒక బుడగ చేతికిచ్చింది. "ఏదీ, నా ముందు ఊదమ్మా."

పిల్ల ఆ బుడగని తాతకి అందించింది. "తాత ఊదుతాడుగా!"

తాత తల దించుకున్నాడు. "పసిది తల్లీ. విలవిల్లాడిపోతోంది, చూడలేకపోయాను. దాని బదులు నేనూదితే మాత్రం ఏం పోయింది..."

"ఏం పోయిందా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు పెద్దాయనా! మీ ఊపిరితిత్తులు బంగారంలా ఉన్నాయి. దానికి ఎల్లుండి ఛాతీ కోస్తారు!"

వార్డంతా వినపడేలా అరిచింది. అరిచాక ఆమెకే సిగ్గేసింది. రోజూ బుడగల్ని చూసింది గానీ, ఆ పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఒక్కపూటైనా విన్నదా? తాత మోసం చేసింది ప్రేమ కొద్దీ. తను మోసపోయింది బద్ధకం కొద్దీ. ఇందులో ఏది పెద్ద తప్పో వేరే చెప్పాలా!

వెళ్ళి డాక్టర్ని బతిమాలింది. ఆపరేషన్‌కి ముందు ఇంకొక్క ఎక్స్‌రే తీస్తానని ఆయన ఒప్పుకున్నాడు. నర్సు నొప్పి మందిచ్చింది. పిల్లని కూర్చోబెట్టి, గొట్టం ఉన్న పక్కన దిండు అదిమి పట్టి దగ్గమన్నారు. పిల్ల నోరు బిగించింది. బుడగ విసిరికొట్టింది. బుడగలమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

"నా మాట వినదు. మీరే దగ్గించాలి," అంది తాతతో.

"నా చేతుల్తో ఏడిపించమంటావా?"

"అవును. ఏడవనివ్వండి."

ఆయన మంచం కడ్డీకున్న బుడగల ముడులు విప్పి గాలి తీసేయడం మొదలుపెట్టాడు.

"నా బుడగలు!" అంది పిల్ల.

"నీవి కావమ్మా. అన్నీ నేనూదినవే. నీది ఒక్కటీ లేదు."

అంతే, పిల్ల ఇంతెత్తున లేచింది. "నువ్వు నా తాతవి కాదు! పో! ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు!" మొహం కందిపోయేలా అరిచింది, ఏడ్చింది, ఏడుపులో దగ్గింది, మళ్ళీ నిండా ఊపిరి లాక్కుని అరిచింది. బుడగలమ్మ ఒక చేత్తో దిండు అదిమి పట్టి, రెండో చేత్తో పిల్ల వీపు మీద స్టెతస్కోపు ఆనించింది. కుడి పక్క అడుగున, అప్పటిదాకా ఏ చప్పుడూ లేని చోట, చిటపటమంటూ గాలి దూరుతోంది. ఆపకండి అని తాతకి సైగ చేసింది. ఆయన ఇంకో ముడి విప్పాడు.

ఆ రెండు రోజులూ పూట పూటా ఆ ఏడుపు తప్పలేదు. చివరికి కోపం కొద్దీ పిల్లే ఒక బుడగ ఊది, "ఇది నాది, ముట్టుకోకు!" అని తాత మీద కసిరింది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి విచ్చుకోవడం మొదలైంది. డాక్టరు ఆపరేషన్ ఆపేయించాడు.

ఆ కబురు చెబుదామని బుడగలమ్మ వెతుక్కుంటూ వెళ్తే, తాత వరండాలో బల్ల మీద ఒక్కడే ఉన్నాడు. పిల్ల లోపలికి రానివ్వడం లేదట, తండ్రి కావాలని పట్టుబట్టిందట. ఆమె కబురు చెప్పి పక్కన కూర్చుంది.

"రెండు రోజులు పోతే అదే మాట్లాడుతుంది లెండి," అంది.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మాట్లాడకపోయినా పర్లేదు తల్లీ. ఆ ఊపిరితో నన్ను జన్మంతా తిట్టనీ."